బల్బు చూడని రెప్పపాటు

పోయిన వారం టేపులమ్మను మనం ఎలాంటి స్థితిలో వదిలేసి వచ్చామో మరిచిపోలేదు కదా? ముందుగదిలో నేల మీద కూలబడి, పిండిపిండి అయిన టేపుచుట్టను ఒళ్ళో పెట్టుకుని, ఏడవడానికి కూడా తీరిక లేనట్టు లెక్కలు వేసుకుంటూ ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

పాత టేపుల్లో ఇరుక్కుపోయిన గొంతులను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె వృత్తి. వీధిలో పెట్టిన పేరే టేపులమ్మ. ముప్పై ఆరేళ్ళ కిందట ఊళ్ళో నూలు మిల్లు తగలబడింది. పరీక్షకు పెట్టిన బల్బు మాడిపోయిందని తెలియక, కరెంటు లేదనుకుని ఎవరో ఒక తీగ కత్తిరించారు, ఆ తీగలో కరెంటు ఉంది, నిప్పురవ్వ దూదిలో పడింది. రెండొందల మంది పని పోయింది. నింద ఒక్కడి మీద పడింది. ఆ ఒక్కడు ఆమె తండ్రి, అప్పట్లో పేరున్న వైర్‌మన్ మేస్త్రి. లైసెన్సు పోయింది, ఆయన మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టలేదు. ఆనాటి విచారణను రికార్డు చేసిన రెండు స్పూళ్ళను, అంటే టేపుచుట్టలను, అప్పుడు అక్కడ పనిచేసి ఇప్పుడు మంచాన పడ్డ స్టెనోగారు పిలిచి మరీ టేపులమ్మ చేతిలో పెట్టింది. పూత పొడిలా రాలిపోతున్న టేపులవి. ఒక్కసారి పాడతాయి, అంతే. మొదటిది పాడుతుండగా కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టరు అందుకుంది. అందుకునే లోపు ఉన్న రెప్పపాటులో టేపు పాడించే డెక్కు తడబడి, టేపును మింగేసింది.

మిగిలింది రెండో స్పూలు. వైర్‌మన్ల సంఘం యాభయ్యేళ్ళ పుస్తకం శుక్రవారం అచ్చుకు వెళ్తుంది. అందులో ఒక పేజీ పేరు ‘ఒక మేస్త్రి నిర్లక్ష్యం’. ఆ పేజీ మార్చాలంటే ఆ టేపు కావాలి. ఇవాళ బుధవారం.

పొద్దున పదకొండు గంటలకు టేపులమ్మ బల్బు మావయ్య కొట్టు ముందు ఆటో దిగింది. చేతిలో గుడ్డసంచి, చంకలో దుప్పటి చుట్టిన చిన్న టేపుడెక్కు. ఆమె నడక చూసి ఆటో అతను చిల్లర గురించి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

బల్బు మావయ్య సాక్షాత్తూ ఆమె మేనమామ. పంతొమ్మిదేళ్ళ వయసులో బావ దగ్గర, అంటే మన మేస్త్రి దగ్గర, పని నేర్చుకున్నాడు. ఇప్పుడు బజారులో పెద్ద ఎలక్ట్రికల్ కొట్టు ఆయనదే, సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. కొట్టుకు ఏ వస్తువు వచ్చినా, వైరు కానీ స్విచ్చి కానీ యూపీఎస్ కానీ, హోల్డరుకు తగిలించిన ఒక పాత బల్బు పెట్టి చూస్తాడు. వెలిగిందా, మంచి సరుకు. ఆ బల్బుకున్న పరపతి ఊళ్ళో చాలామంది పెద్దమనుషులకు లేదు.

“రా కోడలా, రా! నేనిచ్చిన ఇన్వర్టరు ఎలా పని చేస్తోంది?”

“ఫ్యాన్లకీ లైట్లకీ బంగారం మావయ్యా. నా డెక్కుని మాత్రం ముంచేసింది,” అంది టేపులమ్మ బల్ల మీద సంచి దించుతూ. “ఇప్పుడు నాకో యూపీఎస్ కావాలి. నువ్వు ఇచ్చేది కాదు, నేను ఏరుకునేది.”

మిక్సీ రిపేరుకు ఇచ్చి కూర్చున్న ఒకావిడ, కాలక్షేపం దొరికినందుకు సంతోషించి, కుర్చీ ఇటు తిప్పుకుంది.

బల్బు మావయ్య నవ్వాడు. అరలోంచి చిన్న నల్లడబ్బా ఒకటి తీశాడు. బల్బు తగిలించాడు. గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

“చూశావా? కన్నార్పలేదు. తీసుకెళ్ళి పని చూసుకో.”

“కన్నార్పింది మావయ్యా. నీ బల్బుకి తెలీలేదు, అంతే.”

“ఏంటీ?”

“బల్బులో తీగ ఎర్రగా కాలుతూ ఉంటుంది. రెప్పపాటు కరెంటు లేకపోతే చల్లారిపోదు. అందుకే నీకు కనపడలేదు. నా డెక్కుకి ఆ ఓపిక లేదు. ఉండు, చూపిస్తా.”

దుప్పటి విప్పి డెక్కు బయటికి తీసింది. దానికి ఒక చిన్న స్పూలు ఎక్కించింది. అందులో పాటా లేదు, మాటా లేదు. ఒకే ఒక్క స్వరం, మొదటి నుంచి చివరి దాకా ‘ఊఁ’ అని సాగుతూ ఉంటుంది. మిషన్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి ఈ పనివాళ్ళు వాడే టేపు అది. డెక్కును నల్లడబ్బాకు తగిలించి, ఆ స్వరం కొట్టంతా నిండాక, గోడ ప్లగ్గు తనే లాగింది.

స్వరం మెట్టు జారినట్టు కిందికి జారి, మళ్ళీ పైకి లేచింది. లేచాక కూడా మునుపటిలా లేదు. వెనకాల తుమ్మెద దూరినట్టు ఒక రొద మొదలై ఆగలేదు.

“అయ్యో, గొంతు పట్టేసిందే!” అంది మిక్సీ ఆవిడ.

“విన్నావా మావయ్యా? ఆవిడకి వినపడింది. గోడ కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు జారింది. మారాక వచ్చే కరెంటు గోడ కరెంటులా నున్నగా అలలాగా రావట్లేదు, మెట్లుమెట్లుగా వస్తోంది. ఆ రొద అదే. అది నా రికార్డింగులోకి ఎక్కిందంటే కడిగినా పోదు.”

“ఇంట్లో పెట్టుకునే టేపురికార్డరుకి ఇంత రాద్ధాంతమా!” బల్బు మావయ్య మొహంలో నవ్వు సగం అయింది. “సరే, దీనికన్నా పెద్దది ఇస్తా. ఇది ఆరొందలు, ఇదే రెండు గంటలు వస్తుంది. అది వెయ్యి, ఇక ఢోకా లేదు.”

“ఆరొందలని డబ్బా మీద రాసుంది, అది వాట్లు కాదు, వీఏ. అడుగున చిన్నక్షరాల్లో చూడు, మూడొందల అరవై వాట్లు. నేను పెట్టేది డెక్కు, కంప్యూటరు, సౌండు పెట్టె, మూడూ కలిసి రెండొందల అరవై. సరిపోతుంది అనుకో. రెండు గంటలు అన్నావే, ఎంత లోడు మీద చూశావ్?”

ఆయన బల్బు వైపు చూశాడు.

“నలభై వాట్ల బల్బు మీద!” టేపులమ్మ బల్ల మీద చరిచింది. “నా లోడు పెడితే ఇది పది నిమిషాలు కూడా నిలవదు, ఆ వెయ్యిదీ అంతకన్నా ఎంతో ఆగదు. నా టేపు నలభై ఎనిమిది నిమిషాలు మావయ్యా. నలభై ఎనిమిది నిమిషాలూ ఒక్క రెప్పపాటు కూడా మిస్సవకూడదు. అదిగో, పై అరలో అది దింపు.”

పై అరలో అట్టపెట్టెలోనే మగ్గుతున్న పెద్ద యూపీఎస్ ఒకటి ఉంది, పక్కనే దాని బ్యాటరీల పెట్టె. ఊళ్ళో ఒక కంటి డాక్టరు ఆర్డరిచ్చి, తీసుకెళ్ళకుండా వదిలేసిన సరుకు అది. దీన్ని ఆన్‌లైన్ రకం అంటారు. ఇందులో మారడం అనేదే లేదు. గోడ కరెంటు ఎప్పుడూ లోపలికి పోయి బ్యాటరీని నింపుతూ ఉంటుంది, మిషనుకు కావలసిన కరెంటును ఆ డబ్బా ఎప్పుడూ తనే కొత్తగా తయారుచేసి ఇస్తూ ఉంటుంది. గోడలో కరెంటు ఉన్నా పోయినా మిషనుకు తెలియదు.

“అది ఇళ్ళకి కాదే. ఆస్పత్రులకి.”

“నా ఇంట్లో ఉన్న టేపు కూడా మంచాన పడ్డ రోగే. దింపు.”

ఆయన కదలలేదు. టేపులమ్మ స్టూలు లాక్కుని తనే ఎక్కింది. మిక్సీ ఆవిడ లేచి కింద పట్టుకుంది, అడగకుండానే. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి దాన్ని బల్ల మీదికి చేర్చారు. టేపులమ్మ ముందు బ్యాటరీల మీద తయారైన తేదీ చూసింది. నాలుగు నెలలు. పరవాలేదు. తగిలించింది, ప్లగ్గు లాగింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. స్వరం జారలేదు, వణకలేదు, రొద రాలేదు.

“ఇదీ నాకు కావలసింది,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు సంతోషం ఆగలేదు. సంతోషంలో మనుషులు అక్కర్లేనివి కూడా చెప్పేస్తారు. “మావయ్యా, ఇంకా నీకు చెప్పలేదు కదూ? అవి మిల్లు విచారణ టేపులు. స్టెనోగారు ఇచ్చింది. శుక్రవారం లోపల నీ పుస్తకంలో ఆ పేజీ మారుస్తున్నావు.”

బల్బు మావయ్య మొహంలో ఆ మిగిలిన సగం నవ్వు కూడా పోయింది. వెళ్ళి బల్బు ఆర్పాడు. అక్కర్లేకపోయినా మళ్ళీ వెలిగించాడు.

“ఎందుకమ్మా ఇప్పుడు? బావకి డెబ్బై దాటాయి. మానిన పుండు కెలకడం ఎందుకు? ఇది ఇవ్వను నేను. డాక్టరుగారు అడిగితే ఏం చెప్పను?”

“మూడు నెలలుగా అడగని డాక్టరు ఇవాళ అడుగుతాడా? నాన్న అలాంటి తప్పు చెయ్యడు మావయ్యా. నీకు తెలీదా? టార్చిలైటులో సెల్లు మార్చినా మూడుసార్లు చూసే మనిషి. ముందు బల్బుని కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూడు, తర్వాత లైను చూడు, మళ్ళీ వచ్చి బల్బుని చూడు. నాకు అక్షరాలు రాకముందే నేర్పాడు ఇది. మాడిపోయిన బల్బు పెట్టి లైనులో కరెంటు లేదనుకునే మనిషా ఆయన?”

“నీకేం తెలుసే!” బల్బు మావయ్య గొంతు లేచింది. “ఇక్కడ నీడపట్టున నిలబడి చెప్పడం తేలిక. ఒకపక్క బావ నిచ్చెన మీద నుంచి తొందరపెడుతుంటే, ఇంకోపక్క మిల్లు మేనేజరు నెత్తిన నిలబడి అరుస్తుంటే, ఆ చీకట్లో బల్బుని చూసుకునే టైమెక్కడ ఉంటుంది ఎవరికైనా?”

కొట్టులో ఆ స్వరం ఒక్కటే ‘ఊఁ’ అని సాగుతోంది.

టేపులమ్మ చెయ్యి చాచి డెక్కు ఆపింది. చాలా నెమ్మదిగా అడిగింది.

“ఆ రోజు నువ్వు జ్వరమొచ్చి మా ఇంట్లో పడుకున్నావు కదా మావయ్యా. చిన్నప్పటి నుంచీ అమ్మ అదే చెప్పేది నాకు.”

ముప్పై ఆరేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట నాలుక జారిపోయాక మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే ఆ క్షణాన ఆయన్ను చూడవలసింది. బల్ల అంచు పట్టుకుని, బల్బు వంకే చూస్తూ, “బావ చెబితే విన్నట్టుంది,” అన్నాడు.

“నాన్న ఆ రోజు గురించి ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు.”

సంచిలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టింది. “బిల్లు రాయి. రాయకపోయినా తీసుకెళ్తాను. ఎలా ఆపుతావో నేనూ చూస్తాను.”

ఆయన ఆపలేదు. ఆటో ఎక్కించడానికి మళ్ళీ మిక్సీ ఆవిడే సాయం పట్టింది. “ఏమైందో నాకు తెలీదు కానీ, వదలకమ్మా,” అంది. అలా అనేవాళ్ళు జీవితంలో ఎప్పుడో ఒకరు దొరుకుతారు, వాళ్ళ పేరు కూడా మనకు తెలియదు.

ఇల్లు చేరేసరికి మేస్త్రి వరండాలో పేపరు చదువుతున్నాడు. కూతురు ఆ బరువు దించుతుంటే చూసి లేచి వచ్చాడు. ఆమె ఒక్కటే ప్రశ్న వేసింది.

“నాన్నా, ఆ రోజు బల్బు పట్టుకున్నది మావయ్యేనా?”

ఆయన పెట్టె మీది అక్షరాలు చదువుతున్నట్టు వంగాడు. తర్వాత అన్నాడు, “దీన్ని ఏ ప్లగ్గుకి పెడతావ్? ఎర్తు చూశావా?”

“నేనడిగింది అది కాదు.”

“ఎర్తు సరిగ్గా లేకపోతే ఎంత మంచి డబ్బా తెచ్చినా దండగ తల్లీ. నీ సౌండులో గుయ్ మంటుంది.”

లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో టెస్టరు, స్క్రూడ్రైవరు ఉన్నాయి. టేపులమ్మ చేస్తున్న పని ఆపి చూసింది. తనకు ఆరేళ్ళప్పటి నుంచీ ఆ చేతిలో ఆ వస్తువులు చూడలేదు. మేస్త్రి ముందుగది ఫ్యూజు తీసి, వంటగదిలో ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర టెస్టరు పెట్టాడు, వెలిగింది. అప్పుడు ముందుగది ప్లగ్గు చూశాడు, వెలగలేదు. మళ్ళీ వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గులో చూశాడు. అప్పుడు మూత విప్పి, వదులైన ఎర్తు తీగను బిగించాడు. ఏ మర ఎటు తిప్పాలో వేళ్ళు మరిచిపోలేదు. ఇలాంటి మనిషి మీదా ఆ పేజీ రాశారు!

“ఆ ఫ్యాను దీనికి తగిలించకు. ప్రింటరు కూడా వద్దు. టేపుకి పనికొచ్చేవి తప్ప ఇంకేమీ వద్దు,” అన్నాడు మూత బిగిస్తూ. అలా వంగి ఉండగానే, “టేపు కూడా వద్దమ్మా,” అన్నాడు.

“ఎందుకు?”

“నా కోసం అంటున్నావు కదా. నేనే వద్దంటున్నాను.”

“నీ కోసమే కాదు. బడిలో నన్ను ‘మిల్లు తగలబెట్టినోడి కూతురు’ అని పిలిచారు. ఆ పేరు ఎన్నేళ్ళు మోశానో నీకు తెలుసా? నా కోసం వింటాను. నువ్వు వద్దన్నా వింటాను.”

మేస్త్రి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పూత రాలకుండా ఎనిమిది గంటలు సన్నని వేడిలో ఆరబెట్టి సిద్ధంగా ఉంచిన రెండో స్పూలును ఆమె పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీసి డెక్కుకు ఎక్కించింది. మధ్యాహ్నం మూడయింది. మీట నొక్కింది. బుసబుస, కుర్చీ జరిగిన చప్పుడు, దగ్గు. విచారణ అధికారి గొంతు, దానికి జవాబుగా ముప్పై ఆరేళ్ళు చిన్నవాడైన నాన్న గొంతు.

“లైను పరీక్షించింది ఎవరు?”

“నేనే సార్.”

“తీగ కత్తిరించింది?”

“నేనే.”

“మీతో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు సార్. నేనొక్కణ్ణే.”

టేపులమ్మ తండ్రి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. డబ్బా ‘పీప్’ అంది. చక్రాలు మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి, అధికారి గొంతు ఒక్క పిసరు కూడా జారలేదు.

“మీ బావమరిది ఆ రోజు ఎక్కడున్నాడో చెప్పడానికి ఎవరైనా ఉన్నారా?”

“నా భార్య వచ్చింది సార్. బయట ఉంది.”

మేస్త్రి లేచాడు. ఇంత గబుక్కున ఆయన లేవగలడని ఆమెకు తెలియదు. వచ్చి చెయ్యి ఆపే మీట మీద పెట్టాడు. “చాలు తల్లీ. ఇక ఆపు.”

“ఆపితే ఇది మళ్ళీ పాడదు నాన్నా.” ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. “చెయ్యి తియ్యి.”

“వద్దే. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పట్టుకున్నా ఆపను.”

తలుపు చప్పుడు. గాజుల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, పలచగా, భయంగా. “జ్వరంతో మా ఇంట్లోనే ఉన్నాడు సార్. నేనే గంజి కాచి ఇచ్చాను. మా తమ్ముడు ఆ రోజు గడప దాటలేదు.”

అమ్మ! ఆమె పోయి పన్నెండేళ్ళయింది, ఆ గొంతు వినీ అన్నేళ్ళే. ఊళ్ళో వాళ్ళందరి అమ్మల గొంతులూ టేపులమ్మ దగ్గర ఉన్నాయి, ఆమె అమ్మది మాత్రం ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళకు దొరికింది. దొరికి, భర్త మీద పడబోయే నింద తెలిసీ, తమ్ముడి కోసం అబద్ధం ఆడుతోంది. టేపులమ్మకు కోపం వచ్చింది. ఆ గొంతును ఎంత ప్రేమించిందో అంత కోపం వచ్చింది.

“మీ అమ్మని ఏమీ అనకు,” అన్నాడు మేస్త్రి. “అలా చెప్పమన్నది నేనే. వాడికి పంతొమ్మిదేళ్ళే. కేసులో ఇరుక్కుంటే బతుకంతా పోయేది. నువ్వు ఇది వినకూడదనే వద్దన్నాను. విన్నావుగా. ఇక ఆపేయ్.”

ఆమె వేళ్ళు సడలాయి. ఆయన మీట నొక్కబోయాడు.

టేపులో ‘టక్’ మంది. రికార్డింగు ఆపిన చప్పుడు. వెంటనే మళ్ళీ ‘టక్’. మళ్ళీ మొదలుపెట్టిన చప్పుడు. ఈసారి గదిలో జనం ఉన్న అలికిడి లేదు. అమ్మ గొంతే, కానీ ఇందాకటి భయం అందులో లేదు.

“ఆయన కిందికి వెళ్ళిపోయారు కదా సార్? అయితే ఇందాక నేను చెప్పింది కొట్టేయండి. ఇప్పుడు చెప్పేది రాసుకోండి. ఆ రోజు మిల్లులో మా ఆయన, మా తమ్ముడే కాదు. నేనూ ఉన్నాను.”

డబ్బా మీద బ్యాటరీ ఎంతుందో చూపించే అయిదు గీతల్లో మూడు మిగిలాయి. స్పూలు మీద ఇంకా సగం టేపు ఉంది. మేస్త్రి వేలు మీట మీద నుంచి జారిపోయింది.

“ఆపకు,” అన్నాడు. “ఇది నాకు తెలీదు.”